పాట ఎత్తేది ఎస్తేరమ్మే

ఉదయగిరి కాపురస్తుడు, కీర్తిశేషులు దార్ల యాకోబు కుమారుడు, అరవై మూడేళ్ళ వయసుగల వరప్రసాదం అనే నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో రాసుకున్న మరణశాసనం ఇది. గుండె బాగాలేదు, బుర్ర బాగానే ఉంది. అసూయ మాత్రం దండిగా ఉంది. అది చట్టప్రకారం మతిభ్రమణం కిందికి రాదని ఆత్మకూరు దస్తావేజు లేఖరి పెంచలనరసయ్యను అడిగి తెలుసుకున్నాను. దీన్ని అమలు జరపవలసింది కూడా ఆయనే.

1. ఉదయగిరిలోని నా స్వార్జితమైన పెంకుటిల్లు, దొడ్డితో సహా, నా భార్య ఎస్తేరమ్మకు సర్వహక్కులతో చెందాలి. కొడుకు ప్రేమానందం గానీ, కూతురు లిదియమ్మ గానీ పేచీ పెట్టడానికి వీల్లేదు. కట్టించింది నేను. ఊళ్ళో మాత్రం అది ఎస్తేరమ్మ ఇల్లు. పోస్టుమాన్ కూడా అదే అంటాడు. విన్నప్పుడల్లా నాకు కడుపుమంట.

2. ఆత్మకూరులో నేను ఇరవై ఆరేళ్ళు పనిచేసిన స్కూలువాళ్ళు ఇచ్చిన చేతుల కుర్చీ లిదియమ్మకు. అక్కడ నా పేరుతో ఎవరికీ పని పడలేదు. టీ కొట్టు దగ్గర్నుంచి బస్టాండు దాకా నేను హెడ్మాస్టరు గారినే. అన్నేళ్ళూ ఎస్తేరమ్మ పిల్లలతో ఉదయగిరిలోనే ఉంది. 1981లో రిటైరై ఇక్కడికొచ్చిన వారానికే చర్చి గుమ్మంలో ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, నువ్వు మన ఎస్తేరమ్మ మొగుడివా?" అన్నాడు.

3. నా పాటల పుస్తకం చర్చి సంఘానికి. ఎస్తేరమ్మకు దాంతో పనిలేదు. ఆమెకు అక్షరం రాదు, పుస్తకమంతా నోటికొచ్చు. ఆరాధనలోనైనా, చావింట్లోనైనా పాట ఎత్తేది ఆమే. ఆమె మొదటి ముక్క పాడితే గానీ సంఘం నోరు తెరవదు. వరికుంటపాడు నుంచి కూడా ఆమెకోసం వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. నన్ను చూడటానికి ఆత్మకూరు నుంచి ఒక్కడు రాలేదు.

ఓర్వలేక ఒక ఈస్టరునాడు ఆమెకంటే ముందే లేచి నేను పాట ఎత్తాను. హాజరు పిలిచే గొంతుతో, ఎక్కడో పై శ్రుతిలో. రెండో చరణానికి గొంతులు చాలక అందరూ నిలిచిపోయారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఎస్తేరమ్మ అదే పాటను కిందికి దించి పట్టుకుంది. అందరూ ఆమె వెంట పోయారు. ఇంటికొచ్చాక ఆమె ఎప్పటిలాగే నాకు అన్నం వడ్డించింది. తిట్టినా బాగుండేది. పదకొండు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. తప్పు నాదే. ఈ ముక్క ఆమెకు అందరి ముందూ చదివి వినిపించాలి.

4. నా రేడియో షావలికి. చర్చి గోడ పక్కన అతని చెక్క గరిటెల కొట్టు. ఆ అవమానం తర్వాత నేను వెనక బెంచీకి పోయాను. ఆమె ఎత్తిన పాటను అక్కణ్ణుంచి అందుకునేవాణ్ణి, అంతే. ఒకరోజు షావలి చేతిలో ఆకురాయి ఆపి, "అమ్మ పాట ఎత్తినాక వెనకమాల ఒక గొంతు లేస్తాదే, అది నీదంట గదా పెద్దాయనా? అది రాని ఆదివారం పాట కుంటతా ఉంటాది" అన్నాడు. నేను హెడ్మాస్టరుగా చేశానని చెప్పాను. "అట్నా? నాకు తెలీదే" అని మళ్ళీ గరిటె రుద్దడం మొదలుపెట్టాడు. నా ఉద్యోగం తెలియని మనిషి నన్ను మెచ్చుకోవడం నా జన్మలో అదే మొదలు. ఆ సంతోషం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

5. నా చేతి గడియారం ప్రేమానందానికి, ఒక షరతు మీద. నా సమాధి రాయి మీద "బి.ఎ., బి.ఇడి., హెడ్మాస్టరు" అని చెక్కించాలని వాడు ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. చెక్కిస్తే గడియారం కూడా లిదియమ్మకే. వరప్రసాదం అంటే చాలు.

6. నా పెట్టె గోతిలోకి దించేటప్పుడు పాట ఎస్తేరమ్మే ఎత్తాలి. కొత్తగా హార్మోనియం కొనుక్కొచ్చిన మాల్యాద్రి ఎత్తకూడదు. వాడు బాగా పాడతాడు, అందుకే ఎత్తకూడదు. మధ్యలో ఆమె గొంతు ఆగిపోతే ఎవరూ అందుకోవద్దు. అందుకోవలసినవాణ్ణి నేను. మట్టి వేయకుండా కాసేపు ఆగండి. ఆమే మళ్ళీ ఎత్తుతుంది.

ఉదయగిరి, 16-9-1986.

(సంతకం) వరప్రసాదం

సాక్షులు:
1. మస్తానయ్య, రైతు, ఉదయగిరి
2. షేక్ వహాబ్, డ్రైవరు, ఉదయగిరి