నలుగురి కాన్చెర్టోలో నా వంతు

మంగళవారం, దిబ్బూరహళ్ళి

మధ్యాహ్నం బెంగళూరు నుంచి ఆర్కెస్ట్రా సార్ ఫోన్ చేశారు. నలుగురు సోలో వాయించే కాన్చెర్టోలో నా వయొలిన్ భాగాన్ని ఇంకో అమ్మాయికి ఇచ్చేశారట. వరసగా రెండు ఆదివారాలు నేను రిహార్సల్‌కు పోలేదు. పట్టుపురుగులు ఆఖరి మేతలో ఉన్నాయి, మల్బరీ ఆకు వేసేది అమ్మా నేనూ మాత్రమే. ఆ మాట సార్‌తో చెప్పడానికి సిగ్గేసింది. "సరే సార్" అన్నాను. కాన్వెంట్‌లో నేను బాగా నేర్చుకున్నది అదొక్కటే.

సాయంత్రం అమ్మ ఆకు మూట దించి, "ఏమే, మొగం అట్ల పెట్టుకోనుండావు?" అంది. చెప్పాను.

"దానికేముండాది? నాకు వాయించు. టికెట్టు గూడా అడగనులే."

నవ్వు రాలేదు కానీ వాయించాను. నా మొదటి భాగం అయింది. దానికి చెల్లో, ఓబో, బసూన్ వాద్యాలు వాయించే ముగ్గురు జవాబివ్వాలి. వయొలిన్ బో దించి, మనసులో తాళం లెక్కపెడుతున్నాను.

"అయిపోయిందా?"

"లేదమ్మా, ఇప్పుడు తక్కిన ముగ్గురూ వాయిస్తారు."

"యాడుండారు?" అంటూ అమ్మ నిజంగానే తలుపు వైపు చూసింది.

చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం దాకా వెతికినా ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా దొరకరు. నా భాగం దక్కిన ఆ అమ్మాయికి మాత్రం ఆదివారం ముగ్గురూ పక్కనే ఉంటారు.

మళ్ళీ నా వంతు వస్తే వాయించి, మళ్ళీ ఆగాను. ఈసారి అమ్మ కాసేపు ఓపికగా కూర్చుని, చప్పుడు కాకుండా లేచి పురుగులకు ఆకు వేయడానికి వెళ్ళిపోయింది. నేను లెక్క తప్పలేదు. మూడోసారి నా వంతు వచ్చింది. బో ఎత్తలేదు.