కడిగిన ఆకు

జూలై 6, ఆదివారం

వత్సవాయి వెళ్లకుండా ఉండాల్సింది. రూతత్తయ్య వాకిట్లో పొద్దున్నే పదిమంది, అందరివీ పచ్చబారిన కళ్లే. మా మేనత్త ఆదివారాలు చర్చికి వెళ్లేముందు కామెర్లకు నేలఉసిరి పసరు పోస్తుంది. డబ్బు ముట్టదు, ముట్టుకుంటే మందు పనిచేయదట.

గోడ మీద ప్రభువు పటం పక్కన నా నేలఉసిరి పరీక్షల రిపోర్టు! మొక్కలు చూపించింది కదా అని పోయినేడు ఒక కాపీ ఇచ్చాను. చివరి పేజీ జిరాక్సు తీయించి, లామినేషన్ చేయించింది. "సీసం ప్రమాదకర స్థాయిలో లేదు" కింద ఎర్రగీత. దాని కింద నా సంతకం.

"మా మేనకోడలు శాంతి. నందిగామ కాలేజీలో కెమిస్ట్రీ మేడం. మిషన్లో పెట్టి మరీ చూసింది" అని వచ్చినవాళ్లందరికీ చెప్తోంది. గర్వంగానే అనిపించింది నాకు. సిగ్గులేని గర్వం.

తర్వాత రోలు చూశాను. ఆకుల మీద బూడిదరంగు దుమ్ము. అలాగే వేసి నూరుతోంది.

"కడగవా అత్తయ్యా?"

"కడిగితే గుణం పోద్దే. ఇనుమూ తగలకూడదు, నీళ్లూ తగలకూడదు. మంచు తడి చాలు."

నేను ల్యాబులో ఒక్కో మొక్కనీ మూడుసార్లు కడిగాను. కడిగాకే మిషన్లో పెట్టాను. ఆ మాట రిపోర్టులో ఉంది — నాలుగో పేజీలో, ఎవరికీ కనపడని చోట.

జూలై 9, బుధవారం

అత్తయ్య మొక్కలు పీకే గట్టుకి వెళ్లాను. ఒకవైపు లారీల రోడ్డు, రెండోవైపు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే షెడ్డు. పోయినేడు పరీక్షకి మొక్కలు కోసినప్పుడూ ఆ షెడ్డు ఉంది. చూశాను కూడా. చూసి, నోట్సులో "సమీపంలో చిన్న పరిశ్రమ కలదు" అని రాసుకున్నాను. కలదు! ఏం మర్యాద, ఏం భాష!

రెండు సంచుల మొక్కలు తెచ్చాను. ఒకటి కడుగుతాను. ఒకటి కడగను.

జూలై 14, సోమవారం

కడిగినది హద్దులోపే ఉంది. కడగనిది హద్దు దాటి ఎక్కడికో పోయింది. మిషను తప్పేమోనని మళ్లీ పెట్టాను... అంతే. సీసం చాలామటుకు ఆకులో లేదు, ఆకు మీద ఉంది.

పిల్లల మెదడుకి సీసం ఎంత చేటో ప్రతి ఏడాదీ పాఠం చెప్పేది నేనే.

జూలై 15, మంగళవారం

నా పీహెచ్‌డీ గైడుతో చెప్పాను. తల కూడా ఎత్తలేదు.

"కడిగి చేయడమే పద్ధతి. అందరూ అదే చేస్తారు."

"తాగేవాళ్లు కడగట్లేదు సర్."

"వాళ్ల సంగతి మనకెందుకమ్మా? థీసిస్ సబ్మిట్ చేసేదాకా కొత్తగా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. పాతదాని మీద ప్రశ్నలొస్తాయి. ఆరేళ్ల కష్టం నీది."

అమ్మా అన్నాడంటే ఏదో ఒకటి మింగమని. అసహ్యం వేసింది. సరే సర్ అని వచ్చిన నా మీద ఇంకా అసహ్యం.

జూలై 17, గురువారం

అత్తయ్యకు ఫోన్ చేసి, ఆకు కడగకుండా పోయొద్దన్నాను. "నలభయ్యేళ్ల నించి పోస్తన్నా, నా మందు తాగి ఎవడు చచ్చాడే?" పెట్టేసింది.

జూలై 18, శుక్రవారం

మా డిపార్ట్‌మెంట్ అటెండర్ సుజాత నాలుగు రోజుల సెలవు తర్వాత వచ్చింది. నవ్వుకుంటూ వచ్చింది.

"మా పాపకి కామెర్లండి. మీ అత్తయ్యగారి దగ్గర మొన్న ఆదివారం పసరు పోయించా. ఇంకా రెండు వారాలు పోయించాలంట. మా ఆయన ఆసుపత్రికే పోదామన్నాడు. గోడ మీద మీ సంతకం చూశాక నాకు ధైర్యం వచ్చిందండి మేడం."

పాపకి ఆరేళ్లు.

నేనేమన్నాను? "జాగ్రత్త" అన్నాను. జాగ్రత్తట! నా నోరు పడిపోను.

జూలై 19, శనివారం

సుజాత నంబరు తీశాను. పెట్టేశాను. మళ్లీ తీశాను... రేపు నేనే వెళ్తాను.

జూలై 20, ఆదివారం

జగ్గయ్యపేటలో మొదటి ఆటో పట్టుకున్నాను. వాకిట్లో వరసలో సుజాత, ఒళ్లో పాప. వాళ్ల ముందు ఇంకా ఇద్దరు. సుజాత లేచి కుర్చీ ఇవ్వబోయింది. కూర్చోలేదు. నేరుగా వెళ్లి గోడ మీది కాగితం పీకేశాను.

"మతిపోయిందటే నీకు?"

"అత్తయ్యా, నేను చూసింది కడిగిన ఆకు. నువ్వు పోసేది కడగని ఆకు. ఆ దుమ్ములో సీసం ఉంది."

అందరూ నావైపే చూస్తున్నారు. అత్తయ్య చేతిలో పొత్రం ఆగింది.

"కడిగావా? నా మందు కడిగేసి, మంచిదని రాశావా? అయితే నువ్వు చూసింది నా మందు కాదే."

ఆరేళ్లలో నా గైడు అడగని మాట. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి అంది.

"ఆ మాటే ఇప్పుడు రాయి. నీ చేత్తోనే రాసి సంతకం పెట్టు, ఆ గోడకే పెడతా. పెట్టలేనంటావా, పాతది ఇటివ్వు."

రాశాను. "కడగని ఆకు తాగకూడదు. ఈ గట్టు మీది మొక్క అసలు వద్దు." సంతకం దగ్గర చెయ్యి ఆగింది. గైడు గుర్తొచ్చాడు, థీసిస్ గుర్తొచ్చింది. పక్కనే పసుపచ్చ కళ్లతో పాప చూస్తోంది, అయినా అవే గుర్తొచ్చాయి. నాలాంటి దాన్ని ఏమనాలి?

పెట్టాను. అత్తయ్య రోట్లో ముద్దంతా తీసి దొడ్లో పారబోసింది. నావైపు చూడలేదు.

సుజాత పాపను భుజాన వేసుకుని నా ముందుకొచ్చింది.

"శుక్రవారం నేను చెప్పినప్పుడు మీకు తెలుసాండి?"

"తెలుసు."

ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

జూలై 21, సోమవారం

పొద్దుట్నించి గైడు ఫోన్లు. ఎత్తలేదు. ఎవరో ఆ కాగితం ఫొటో పంపి ఉంటారు.

మధ్యాహ్నం సుజాత సంతకాల రిజిస్టరు తెచ్చి బల్ల మీద పడేసింది. పాపను ఆసుపత్రికి తీసుకెళ్లిందట, రక్తం తీశారట. ఆ సంగతి కూడా పక్క లెక్చరర్‌కి చెప్తుంటే విన్నాను.

రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగాను.

"వచ్చాక మీకెప్పుడు చెప్పాలో నేను చూసుకుంటాలెండి."