అరిగిన సగం

క్లుజ్ ఆసుపత్రి, సోమవారం

నాన్నా,

అమ్మ కులాసా. ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

మోకాలి లోపలి పక్కే అరిగిందని, అంతవరకే మారిస్తే చాలని డాక్టరు అన్నాడు. నువ్వేమో పక్కింటి ఫ్లోరికకు చేసినట్టే రోబోతో మొత్తం మార్చమని ఆయనకు ఫోన్ చేశావు. "సగం మోకాలితో వస్తే ఊళ్ళో నన్ను పిసినారి అంటారు" అన్నావట. రోబో కొలతలు బాగానే తీస్తుంది. ఎంత కొయ్యాలన్నది మాత్రం అమ్మను అడగాలి.

"ఆయన పరువు కోసం బాగున్న ఎముక కోస్తారా బాబూ? అరిగిందే మార్చు" అని అమ్మ తనే సంతకం పెట్టింది. బుధవారం ఆపరేషన్.

అయినా అమ్మ నిన్ను ఒక్క మాట అననివ్వడం లేదు. మేకల పాలు పిండేముందు నిన్ను చేతులు వెచ్చ చేసుకోమంది. నాకు కోపం ఇంకా పెరిగింది.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి, అమ్మ కోసం.

స్మరండ