ఆకుపచ్చలో పెట్టిన చుక్కలు

చెల్లీ,

కంగారు పడకు అని రాయలేను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక, ఈ ఉత్తరం మరిది చేతికిచ్చి ఆసుపత్రికి పంపుతున్నాను.

నెలలోనే పాప బరువు ఇంత పడిపోయిందంటే లోపల పెద్ద జబ్బేదో ఉండాలని డాక్టరుగారు పరీక్షల మీద పరీక్షలు చేయిస్తున్నారట. ఆయన నమ్ముతున్నది నేను నింపిన బరువుల కార్డుని. అది అబద్ధం.

అంగన్‌వాడీలో మన వీధి పిల్లల్ని ప్రతి నెలా తూచేది నేనే కదా. మూడు నెలల క్రితం పాపని తూస్తే, బరువు మరీ తక్కువని కార్డులో చుక్క ఎరుపులో పడాలి. వరసలో ఉన్న తల్లులంతా చూస్తున్నారు. పప్పు పెట్టండి, ఆకుకూర పెట్టండి అని వాళ్ల మీద రోజూ గొంతు చించుకునేదాన్ని, సొంత చెల్లెలి కూతురు ఎరుపులో ఉందంటే తలెక్కడ పెట్టుకోను? ఆకుపచ్చలో పెట్టేశాను. వచ్చే నెలకి పుంజుకుంటుందిలే అనుకున్నాను. తర్వాతి రెండు నెలలూ అదే పని చేశాను.

ఎరుపులో ఉన్న పిల్లలకి రోజూ గుడ్డూ పాలూ ఇస్తాం. నా చేతులతోనే పంచాను, పాపకి తప్ప.

నువ్వు టీలో బిస్కెట్టు ముంచి పెడుతూ "ఇదొక్కటే తింటోందక్కా" అన్నప్పుడు నవ్వి ఊరుకున్నాను. వేరే తల్లినయితే కసిరేదాన్ని.

అసలు బరువులు ఇవి: ఎనిమిది కిలోలు, ఏడుముప్పావు, ఏడున్నర. రెండేళ్ల పిల్లకి.

ఈ కాగితం డాక్టరుగారికి చూపించు. నా ఉద్యోగం సంగతి ఆలోచించకు. ఆ చిన్న చేతికి ఇంకా సూదులు గుచ్చి వెతకొద్దని చెప్పు. దాని జబ్బేమిటో నాకు మూడు నెలలుగా తెలుసు.

అక్క