మీ అమ్మాయి మాట్లాడింది

అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందనీ, బావమరిది ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారనీ తలుస్తాను. ఇంతవరకూ పద్ధతిగానే రాశాను. ఇక నావల్ల కాదు. మీ అమ్మాయి మాట్లాడింది! ఫోను చేసి అరిచి చెబుదామనుకున్నాను. కానీ ఫోనులో మీకు సగం మాటలే వినిపిస్తాయి. ఇందులో ఒక్క ముక్క పోయినా నేను తట్టుకోలేను.

ముందు మీరడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను, లేకపోతే ఈ హడావిడిలో మర్చిపోతాను. తను ఇప్పుడు మంచం మీంచి పడడం లేదు. మంచమే తీసేశాను. పరుపు నేలమీద వేసి, గోడ పొడవునా మెత్తలు కుట్టించాను. కుర్చీ కూడా మార్చాను. కాళ్ళూ చేతులూ ఆగకుండా కదులుతుంటాయి కదా, పాత కుర్చీ తనతోపాటే ప్రయాణం కట్టేది. ఇప్పుడు బరువైన చెక్కతో, సీటు కాస్త వెనక్కి వాలేట్టు నేనే చేశాను. ఫోటోలకు ఫ్రేములు కట్టుకునేవాడికి కుర్చీ పని ఎలా వచ్చిందని అడగకండి, కొంచెం వంకరగానే వచ్చింది. నీళ్ళు తాగితే పొలమారుతోంది కాబట్టి పొడి కలిపి చిక్కగా చేసి ఇస్తున్నాను. స్నానం, తిండి, నిద్ర అన్నీ వేళకు జరగాలి. వేళ తప్పితే చిరాకు పడుతుంది. మామయ్యగారికి ఇదే జబ్బు వచ్చినప్పుడు దాని పేరు హంటింగ్టన్ అని చెప్పిన నాథుడే లేడనీ, వీధిలో అందరూ తాగి తూలుతున్నాడని నవ్వేవారనీ రాశారు. ఇప్పుడు పేరైతే తెలుసు. మందులు మాత్రం కదలికలు తగ్గించడం వరకే.

తిండి పంపడానికి పొట్టకు గొట్టం వేయించే సంగతి అడిగారు. కాస్త ఓపిక పట్టండి, అక్కడికే వస్తాను.

డ్రైవింగ్ స్కూల్లో మీ అమ్మాయి ఎంత మాటకారో మీకు తెలుసు. తన దగ్గర నేర్చుకుని పరీక్ష తప్పిన మొదటి శిష్యుణ్ణి నేనే కదా! అలాంటి మనిషికి నిరుటి నుంచి మాట తగ్గుతూ వచ్చింది, ఈ ఎండాకాలంలో పూర్తిగా ఆగిపోయింది. ఏదడిగినా చూసేది, అంతే. లోపల ఇక ఏమీ మిగల్లేదేమో అనుకున్నాను. ఆ మాట మీకు రాయడానికి చెయ్యి రాలేదు. తన వంతు కూడా నేనే మాట్లాడడం మొదలుపెట్టాను. "ఆకలేస్తోందా? వేసే ఉంటుందిలే. తింటావా? తింటావులే."

కిందటి వారం ఇంటికొచ్చిన స్పీచ్ థెరపిస్టు అమ్మాయి ఈ ధోరణి కాసేపు విని నవ్వింది.

"అంకుల్, ఆంటీకి మీరు సందివ్వడం లేదు. ప్రశ్న ఆవిడకి అర్థమవుతుంది. జవాబు నోటిదాకా రావడానికే చాలాసేపు పడుతుంది. రెండిట్లో ఏది కావాలో అడగండి. అడిగాక, ఏమనుకోకండి, నోరు మూసుకోండి."

మర్నాడు పొద్దున రెండు జాకెట్లు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. "నీలమా, పసుపా?" అని అడిగి నోరు మూసుకున్నాను. అత్తయ్యగారూ, అదెంత కష్టమో నాకు ఇన్నేళ్ళూ తెలీలేదు. తన చూపు గోడమీదే ఉంది. స్టవ్ మీద పాలు పొంగుతున్న చప్పుడైతే లేచి వంటింటి గుమ్మందాకా వెళ్ళాను.

వెనకనుంచి, "పసుపు."

గొంతు బొంగురుగా ఉంది, కానీ అది తన గొంతే. పాలన్నీ పొంగిపోయాయి, స్టవ్ ఆరిపోయింది, నేను గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తర్వాత పరుగున వచ్చి అడిగాను, "ఇన్నాళ్ళూ నేను వాగిందంతా విన్నావా?"

ఆగాను. చాలాసేపు ఆగాను.

"అంతా," అంది. మళ్ళీ కాసేపటికి, "ఎక్కువైంది."

నవ్వలేక చచ్చాను! ఇక ఆ రోజంతా ముందుగదిలోని ఫ్రేముల కొట్టు తెరవలేదు. కిటికీ తెరవనా, మూయనా? రేడియో పెట్టనా, తీసేయనా? ఒక్కో జవాబూ ఒక్కో బహుమతిలా వచ్చింది. అసలు తమాషా తిండి దగ్గర బయటపడింది. బరువు పెరగాలని నేను గంజిలో, జావలో, అన్నిట్లో పంచదార దిమ్మరిస్తున్నాను. తను ఉమ్మేస్తుంటే గొంతు పట్టు తప్పుతోందని బెంగపడ్డాను. "తీపా, కారమా?" అని అడిగితే ఈసారి కాస్త త్వరగానే, "తీపి... చంపేస్తున్నావ్," అంది. థెరపిస్టుని అడిగి, మెత్తగా రుబ్బి, వెన్న వేసి, కొంచెం కారం కలిపి పెడితే గిన్నె ఖాళీ. దగ్గు వస్తూనే ఉంది, దాచను. కానీ తింటోంది.

ఇప్పుడు గొట్టం సంగతి. మొన్న గురువారం తనని ఆసుపత్రిలో చేర్చడానికి నేను ముందే ఒప్పుకుని ఉన్నాను. కానీ ఆరోజు మేం వెళ్ళలేదు. మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా, నేనే వద్దని చెప్పేశాను.

"ఆయన తిండి దిగక నా కళ్ళముందే ఎండిపోయారు, నా బిడ్డకు ఆ గతి పట్టనివ్వకు" అని మీరు రాసింది మర్చిపోలేదు. కానీ జాకెట్టు రంగు అడిగినవాణ్ణి, పొట్ట కోసే సంగతి అడగకుండా ఎలా ఉంటాను? భయపడుతూనే అడిగాను. వేయించుకుంటావా, వద్దా? వద్దంది. ఇప్పటికి వద్దా, ఎప్పటికీ వద్దా? కొట్టు ముందు ఎవరో వచ్చి తలుపు తట్టి, విసిగి వెళ్ళిపోయారు. నేను కదల్లేదు.

"ఎప్పటికీ."

చెయ్యి పట్టుకుందామంటే అది ఒకచోట నిలవదు కదా, దాంతోపాటే నా చెయ్యీ ఊగింది. చాలాసేపటికి ఇంకో మాట వచ్చింది, "నోటితోనే."

డాక్టరు గారు ఇంటికి వచ్చి స్వయంగా మళ్ళీ అడిగారు, ఓపిగ్గా ఆగారు, అదే జవాబు విన్నారు. నిర్ణయం ఆవిడదే అన్నారు. ఆవిడ మనసు మారితే మార్చుకోవచ్చు, వచ్చినప్పుడల్లా అడుగుతాను అన్నారు. ఇలా అయితే రోజులు తగ్గవచ్చని కూడా చెప్పారు. అది తనకి అర్థమైంది. నాకు అర్థం కావడానికి ఇంకా టైం పడుతుంది. కానీ అత్తయ్యగారూ, లోపల ఎవరూ లేరనుకున్న ఇంట్లో మనిషి ఉంది, ఆ మనిషికి తనదైన మాట ఉంది. ఆ ఆనందం ముందు భయం ఎక్కువసేపు నిలబడడం లేదు.

మీ కాలు నడకకు వచ్చిందన్నారు కదా, బయలుదేరి రండి. బావమరిదిని తోడు తెచ్చుకోండి. నా మాట మీద నమ్మకం లేకపోతే పక్కన కూర్చుని మీరే అడగండి. తన పక్కనే మీకు పరుపు వేస్తాను.

"మీ అమ్మకి రాస్తున్నాను, ఏం రాయమంటావ్?" అని ఇందాక అడిగాను. రెండిట్లో ఏదని అడగాలన్న సంగతి ఉత్సాహంలో మర్చిపోయాను. అయినా ఆగాను. పెన్ను మూత పెట్టి కూర్చున్నాను.

"తిడుతుంది," అంది.

ఎవర్నని అడగబోయి నాలిక కరుచుకున్నాను. పెదవులు ఒక పక్కకి లాగి, కళ్ళల్లో నవ్వుతో, పూర్తిచేసింది.

"నిన్నే."

ఇట్లు,
తిట్లు తినడానికి గుమ్మంలోనే ఎదురుచూసే
మీ అల్లుడు