అవును, కాదు, అన్నీ

తేదీ: 4

కంప్యూటర్ విభాగాన్ని ఒంటిచేత్తో మోస్తున్న బావమరిదికి, రికార్డు రూములో దుమ్ము మోస్తున్న మీ బావ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అక్క మోకాలి నొప్పి కూడా క్షేమంగానే ఉంది.

మీ హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. నా బల్ల మీదున్న పాత మెషీన్‌ని ముప్పయ్యో తేదీన తుక్కు కింద తీసుకుపోతారట. అదే రోజు నన్నూ రిటైర్ చేస్తారట. ఇద్దరికీ కలిపి ఒకే కాగితం, ఒకే నంబరు. మెషీన్ పేరు ముందు రాశారు, నా పేరు తర్వాత. పోనీలే, అది నాకంటే బరువెక్కువ.

నా బెంగల్లా దాని కడుపులో ఉన్న ఫైళ్ల గురించే. ఏ వీధి కింద ఏ నీటి పైపు పోతోంది, ఏ మలుపులో వాల్వు ఉంది, ఈ బ్రాంచిలో ఎవరు ఎప్పుడు ఉద్యోగంలో చేరారు, అన్నీ అందులోనే ఉన్నాయి. మొత్తం రెండు వేల మూడు వందల నలభై. ఆరేళ్లు రెండు వేళ్లతో కొట్టాను. పాత రిజిస్టర్లు చెదలు తినేశాయి కనక ఇప్పుడు ఈ మెషీన్ తప్ప మరో ఆధారం లేదు. పోయిన ఏడాది నువ్వు వచ్చి హెడ్డాఫీసు డిస్కు ఒకటి దీనికి తగిలించి, అందులోకి ఒకసారి నకలు తీసిపెట్టి వెళ్లావు. ఆ తర్వాత సగానికి పైగా ఫైళ్లు మారాయి. కొత్తవాటిని ఆ డిస్కులోకి ఎక్కించడం ఎలాగో చెప్పు. మౌసు పాడైపోయి మూడేళ్లయింది. కొత్తది కావాలని పెట్టుకున్న అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఫోనులో చెప్పకు. ఫోనులో చెప్పిన మాటకి ఫైలు నంబరు ఉండదు.


తేదీ: 6

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఈ కాలంలో కూడా కంప్యూటర్ గురించి ఉత్తరం రాసేవాళ్లున్నారని మా విభాగంలో అందరికీ చూపించాను. చాలాసేపు నవ్వుకున్నాం. ఏమీ అనుకోకండి.

మౌసు అక్కర్లేదు. నల్ల తెర తెరిచి ఒక్క లైను కొడితే చాలు. ముందు ‘కాపీ’ అని కొట్టండి. ఖాళీ వదిలి, ఎక్కడి నుంచో ఆ పేరు. మీ మెషీన్ పేరు ‘సి’. మళ్లీ ఖాళీ వదిలి, ఎక్కడికో ఆ పేరు. డిస్కు పేరు ‘ఇ’. చివర ఏటవాలు గీత గీసి ఒక అక్షరం పెడితే దాన్ని ఆప్షన్ అంటారు. మనం చెప్పిన పని ఏ తీరున చెయ్యాలో మెషీన్‌కి చెప్పడమన్నమాట. మీరు ఆ గీత పక్కన మైనస్ వై పెట్టండి. డిస్కులో అదే పేరుతో పాత ఫైలు ఉంటే, దాని మీద రాసే ముందు మిమ్మల్ని అడుగుతుంది. ‘అవును, కాదు, అన్నీ’ అని మూడు జవాబులుంటాయి. పక్కనే వి కూడా పెడితే, రాసింది సరిగా పడిందో లేదో అదే చూసుకుంటుంది.

చిన్నపిల్లలు కూడా చేస్తారు. మీరూ చెయ్యగలరు.

ఉంటాను,
మీ బావమరిది

తా.క.: అక్కయ్యతో చెప్పండి, ఆఫీసులో నాకు చక్రాల కుర్చీ ఇచ్చారు. జబ్బుచేసి కాదు, హోదా పెరిగి.


తేదీ: 10

చక్రాల మీద తిరుగుతున్న బావమరిదికి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఈ మైనస్ వై ఎవరు కనిపెట్టారో కానీ, ఆ మనిషి మన శాఖలో ఉండుంటే శాఖ ఇలా ఉండేది కాదు. రాసే ముందు అడుగుతుంది! ప్రతి ఫైలుకీ అడుగుతుంది! మొన్న మన ఆఫీసు గోడకి రంగు వేసినవాళ్లు కిటికీ అద్దాలకి కూడా వేసేశారు, ఎవరినైనా అడిగారా?

అడిగినప్పుడు ఆలోచించకుండా జవాబు చెప్పడం మర్యాద కాదు కదా. అందుకని ప్రతి ప్రశ్నకీ పాత ఫైలూ కొత్త ఫైలూ తెరిచి, రెండూ పక్కపక్కన చదివి, తేడాలు రాసుకుని, అప్పుడు ‘అవును’ నొక్కుతున్నాను. దీనికో రిజిస్టరు కూడా పెట్టాను. వరస సంఖ్య, మెషీన్ ప్రశ్న, నా జవాబు, కారణం, పొట్టి సంతకం. మూడు రోజుల్లో రెండు వందల పన్నెండు పూర్తయ్యాయి.

ఆ వి సంగతి మాత్రం నాకు నచ్చలేదు. రాసేదీ అదే, సరిచూసేదీ అదేనా? రాసినవాడు తన రాత తనే సరిచూసుకుంటే రికార్డు రూము ఎందుకు, నేనెందుకు? అది చూసుకున్నాక మళ్లీ నేను చూస్తున్నాను. ఇంతవరకు తప్పు దొరకలేదు. దొరికితే ఊరుకోను.

ఇట్లు,
మీ బావ

తా.క.: ‘అన్నీ’ అనే జవాబు జోలికి పోను. నా ముందు ఈ కుర్చీలో ఉన్నాయన చదవకుండా ఒక కట్టంతటికీ కలిపి ఒకే సంతకం పెట్టాడు. ఆ కట్టలో ఆయన రాజీనామా కూడా ఉందట.


తేదీ: 13

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మెషీన్ అడిగింది మీ అభిప్రాయం కోసం కాదు బావగారూ! అది మాట వరసకి అడుగుతుంది. ఈ లెక్కన మీరు పూర్తిచేసేసరికి వచ్చే నెల సగం దాటుతుంది. మెషీన్ తుక్కులో ఉంటుంది, మీరు ఇంట్లో ఉంటారు.

ఆ మైనస్ తీసేసి, గీత పక్కన ఉత్త వై పెట్టండి. అడగకుండా రాసేస్తుంది. ఒక్కసారి నొక్కి టీ తాగి వచ్చేసరికి అయిపోతుంది. మీ పుణ్యమా అని నాకో ఆలోచన కూడా వచ్చింది. మిగతా తొమ్మిది బ్రాంచీల్లోనూ ఇలాంటి పాత నకళ్ల డిస్కులే, మీలాంటి పెద్దమనుషులే కదా ఉన్నారు. అందుకని అందరికీ కలిపి ఒక సర్క్యులర్ రాశాను, ఉత్త వై పెట్టమని. డైరెక్టరుగారికి తెగ నచ్చింది. ‘అడగకుండా పని జరగడం, నేను ముప్పై ఏళ్లుగా కోరుకుంటున్నది ఇదే’ అన్నారు. నన్ను ఆఫీసర్ని చేశారు!

నేను ఉద్యోగంలో చేరింది మీ బ్రాంచిలోనే కనక నా సర్వీసు ఫైలు మీ దగ్గరే ఉంది. ప్రమోషన్ ఆర్డరు జత చేశాను. వెంటనే ఎక్కించండి.

ఉంటాను,
మీ బావమరిది, ఆఫీసరు

తా.క.: ఇకమీదట కవరు మీద ‘ఆఫీసరుగారికి’ అని రాయండి. మా టపా గుమాస్తా చూస్తాడు.


తేదీ: 17

ఆఫీసరుగారైన బావమరిదికి, ఆ మాట కవరు మీద రెండుసార్లు రాసిన బావ ఆశీస్సులు.

ప్రమోషన్ సంగతి విని మీ అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. నీ ఫైల్లో ఆర్డరు ఎక్కించాను, రెండుసార్లు సరిచూశాను.

సర్క్యులర్ కూడా అందింది. అందులో ఒక చిన్న అనుమానం. నీ ఉత్తరంలో ముందు మెషీన్, తర్వాత డిస్కు అన్నావు. సర్క్యులర్లో ముందు డిస్కు, తర్వాత మెషీన్ ఉంది. ఏది నిజమో చూద్దామని, ఉత్త వై పెట్టే ధైర్యం లేక మైనస్ వైతోనే సర్క్యులర్ లైను కొట్టాను. ‘మెషీన్లో ఉన్న ఫైలు మీద రాయమంటారా?’ అని అడిగింది. ప్రశ్న మూడుసార్లు చదివాను. పోయిన ఏడాది పాత నకలు తెచ్చి, ఈ ఏడాది నేను కొట్టినదాని మీద రాస్తుందట! ‘కాదు’ నొక్కి, మెషీన్ ఆపి, కాసేపు బయటికెళ్లి నిలబడ్డాను.

బాబూ, ఇది అచ్చుతప్పు అయితే వెంటనే మిగతా బ్రాంచీలకి చెప్పు. వాళ్లు ఉత్త వై పెడతారు. వాళ్లని ఎవరూ అడగరు.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఈ ఉత్తరం మాత్రం మీ విభాగంలో ఎవరికీ చూపించి నవ్వకు.


తేదీ: 22

రికార్డు రూము పెద్ద గుమాస్తాగారికి.

సర్క్యులర్లో అచ్చుతప్పు ఏమీ లేదు. చిత్తుప్రతిని డ్రాఫ్టింగ్ విభాగం పరిశీలించి, హెడ్డాఫీసు ఆస్తి అయిన డిస్కు పేరు బ్రాంచి మెషీన్ పేరు తర్వాత రావడం మర్యాద కాదని వరస మార్చింది. డైరెక్టరుగారు సంతకం చేశారు.

తొమ్మిది బ్రాంచీలు సర్క్యులర్‌ను ఉన్నది ఉన్నట్టు అమలుచేసి ప్రశంసాపత్రాలు పొందాయి. మీ బ్రాంచి ఒక్కటే అమలుచేయలేదు. ఎందుకు చేయలేదో సంజాయిషీ ఇవ్వవలసింది. అమలుచేసినట్టు రుజువు అందేవరకు మీ రిటైర్మెంటు కాగితాలు కదలవు.

సంతకం,
ఆఫీసరు, కంప్యూటర్ విభాగం

తా.క.: బావగారూ, ఇది సొంతంగా రాస్తున్నాను, చదివి చింపెయ్యండి. వరస తప్పని నాకూ తెలుసు. డైరెక్టరుగారి సంతకానికి వెళ్లేటప్పుడు నేను మళ్లీ చూడలేదు. తొమ్మిది చోట్లా ఏడాది పని పోయింది. ఒక బ్రాంచిలో ఒక్క వాల్వు కోసం మూడు వీధులు తవ్వారట, ఇంకా దొరకలేదు. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే నా ప్రమోషన్ పోతుంది. మీ దగ్గర మాత్రం అన్నీ పదిలంగా ఉంటే రేపు ఎవరో ఒకరు పోల్చి చూస్తారు. మీవి కూడా పోతే అది మెషీన్ల జబ్బు అనుకుంటారు. మీకెలాగూ రిటైర్మెంటే కదా. ఒక్క నొక్కు నొక్కెయ్యండి. అక్కయ్య మొహం చూసైనా.


తేదీ: 28

బావమరిదికి, బావ రాయునది.

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. తన మొహం చూడమన్నావని చెప్పాను. ఆ మొహం నువ్వు చూడకపోవడమే మంచిది.

నాకు కోపం వచ్చింది. ఏడాదిగా నేను కొట్టినవి పోతాయని కాదు. వాల్వు ఎక్కడుందో తెలియక మూడు వీధులు తవ్వుతుంటే, ఆ ఇళ్లవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడుంటే, నువ్వు చక్రాల కుర్చీలో కూర్చుని నాలుగో వీధి కూడా తవ్వమంటున్నావు. ఆ రోజంతా నీకు జవాబు రాయబుద్ధి కాలేదు.

తర్వాత ఆలోచించాను. మెమో వచ్చింది. మెమోని కాదనడం నా నౌకరీలో ఎన్నడూ లేదు. అందుకని సర్క్యులర్‌ను ఉన్నది ఉన్నట్టు అమలుచేశాను. ముందు డిస్కు, తర్వాత మెషీన్, చివర ఉత్త వై. అది నన్నేమీ అడగలేదు. ఎన్ని ఫైళ్ల మీద అమలుచేయాలో సర్క్యులర్లో లేదు కనక ఒక్క ఫైలు మీదే చేశాను. సర్క్యులర్ రాసినవాళ్లకే మొదటి గౌరవం దక్కడం న్యాయమని, నీ సర్వీసు ఫైలు ఎంచుకున్నాను. ‘ఒక ఫైలు కాపీ అయింది’ అని మెషీన్ చెప్పింది. ఆ తెరని ముద్రించి రుజువు కింద జత చేశాను.

ఆ తర్వాత మిగతావాటిని సరైన వరసలో, మైనస్ వైతో, డిస్కులోకి ఎక్కించాను. వ్యవధి లేక తేడాలు రాసుకోవడం మానేసి, నేను ప్రశ్న పైకి చదువుతుంటే, మీ అక్క ఆఫీసుకొచ్చి పక్కన కూర్చుని ‘అవును’ నొక్కింది. పెళ్లయినప్పటి నుంచి నా మాటకి ఆవిడ అవునన్నది ఇదే మొదటిసారి. అదీ వరసగా రెండు వేల సార్లు. నిన్న మధ్యాహ్నానికి పూర్తయింది. తప్పు ఒక్కటీ లేదు.

ఇక నీ మెమో సంగతి. మన బ్రాంచి ఇంజనీరుగారు మంచివాడు, కానీ రూలు తప్పడు. మెమో వస్తే ముందు సంతకం చేసినాయన హోదా రికార్డులో చూడాలన్నాడు. నీ ఫైలు తెరిచి చూపించాను. అందులో ఉన్నది పోయిన ఏడాది నకలు. దాని ప్రకారం నువ్వు జూనియర్ అసిస్టెంటువి. జూనియర్ అసిస్టెంటు పెద్ద గుమాస్తాని సంజాయిషీ అడగడం ఈ శాఖ చరిత్రలోనే లేదని ఇంజనీరుగారు ఆశ్చర్యపోయాడు. మెమో చెల్లదని రాసి, నా రిటైర్మెంటు కాగితాల మీద ముద్ర వేశాడు. ‘ఆఫీసరు’ అని సంతకం ఎందుకు పెట్టావో నీ సంజాయిషీ కోరుతూ విడిగా ఒక కాగితం కూడా వస్తోంది. రేపటి టపాలో అందుతుంది.

ఇట్లు,
రికార్డు ప్రకారం నీకంటే రెండు మెట్లు పైనున్న
మీ బావ

తా.క.: నీ ప్రమోషన్ ఆర్డరు కాగితం బీరువాలో భద్రంగా ఉంది. తొమ్మిది బ్రాంచీలకీ వరస తప్పని నీ సంతకంతో రాసి, దాని నకలు నాకు పంపితే, ఆర్డరు మళ్లీ నీ ఫైల్లో ఎక్కిస్తాను. పోయిన ఫైళ్లు రావు కానీ, వాళ్లు ఇంకోసారి నొక్కకుండా ఉంటారు. ఎక్కించమంటావా? అవునో కాదో రాతలో చెప్పు. ముప్పయ్యో తేదీ సాయంత్రం అయిదింటికి తాళంచెవులు అప్పగించేస్తాను. ఆ తర్వాత ఇక్కడ నిన్ను అడిగేవాళ్లెవరూ ఉండరు.