టికెట్ ఎవరి పేరు మీద

అయిదో తారీఖు

ప్రియమైన బావకి,

నువ్వు కొండ మీద డ్యామ్ పనికి వెళ్ళి నలభై రోజులైంది. ఏరి కోరి ఫోన్ అందని చోటుకే పోయావని అక్క రోజూ సణుగుతోంది. పదో తరగతి మధ్యలో వదిలేసినవాణ్ణి, ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు. నేరుగా విషయానికొస్తాను.

బ్లడ్ బ్యాంక్‌లో పొద్దుటి జాబితా రావడం లేదు. ఒకటో తారీఖు నుంచి ఇదే తంతు. పన్నెండు ఆస్పత్రుల ఫ్రిజ్‌లలో ఏ ప్యాకెట్ గడువు ఎప్పుడు తీరుతుందో ఆ లెక్కంతా పోగుపడేది మన డేటా గోదాం సర్వర్‌లోనే కదా. ఆరింటికల్లా అందులోంచి జాబితా దానంతటదే వచ్చి ప్రింటర్‌లో పడే ఏర్పాటు చేసింది నువ్వే. అది చూసుకునే మన వాన్ డ్రైవర్ మిగిలిన చోటి నుంచి కావలసిన చోటికి ప్యాకెట్లు చేరేసేవాడు. ఇప్పుడు ఇద్దరం పన్నెండు ఆస్పత్రులకీ ఫోన్లు చేసి పెన్నుతో రాసుకుంటున్నాం. అయినా మొన్న పిల్లల ఆస్పత్రిలో నాలుగు ప్లేట్‌లెట్ ప్యాకెట్లు గడువు దాటి పారబోశారు. పక్క వీధి ఆస్పత్రిలో అవే దొరక్క ఒకామె ఆపరేషన్ వాయిదా పడింది.

తెర మీద ఒకటే పాట. చెల్లే టికెట్ లేదు, రానివ్వను అని. మన కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. వైర్లన్నీ పీకి పెట్టాను. నేనే చేత్తో లోపలికి వెళ్దామన్నా అదే జవాబు.

పదిహేను దాకా చూస్తామన్నారు మన బ్లడ్ బ్యాంక్ మేడమ్. ఆలోగా కుదరకపోతే బయటి కంపెనీ వాళ్ళొస్తారు, నా మూడు నెలల ట్రయల్ అక్కడితో సరి. అలాగని నేనేం బెంగపెట్టుకోలేదు. దీని అంతు నేనే చూస్తాను. దారి మాత్రం నువ్వు చెప్పు.

ఉంటాను,
నీ బామ్మర్ది

*

ఎనిమిదో తారీఖు

ప్రియమైన బామ్మర్ది గారికి,

ముందు ఆ వైర్లు పీకడం ఆపండి సార్. అది ఫ్యాన్ కాదు.

గోదాం సర్వర్ నీ పాస్‌వర్డ్ అడగదు. టికెట్లిచ్చే సర్వర్ వేరే ఉంది. పొద్దున్నే దాని దగ్గర ఒక్కసారి నువ్వెవరో రుజువు చేసుకుంటే పది గంటలు చెల్లే టికెట్ ఇస్తుంది. గోదాం తలుపు దగ్గర ఆ టికెట్టే చూస్తారు, నీ మొహం కాదు. సినిమా హాలు గేటు దగ్గర నువ్వెంత అందగాడివైనా ఒకటే కదా, అలాగన్నమాట.

ముందు గడియారం చూడు. మన కంప్యూటర్‌కీ ఆ సర్వర్‌కీ అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే టికెట్ చెల్లదు. అది సరిగ్గానే ఉంటే, గోదాంని ఏమని పిలుస్తున్నావో చూడు. పూర్తి పేరుతోనే పిలవాలి. దాని అడ్రస్ అంకెలతో పిలిస్తే ఆ పేరు మీద టికెట్ ఉండదు. తర్వాత నీ చేతిలో ఉన్న టికెట్ ఎవరిది, ఎప్పటిదాకా అని అడుగు, తెర మీద చూపిస్తుంది. తొందరపడి రెండు మూడు ఒకేసారి మార్చకు. ఒకటి మార్చు, చూడు, రాసుకో.

నువ్వు చేయగలవు. సర్టిఫికెట్లున్న వాళ్ళకంటే నీకు చూపు ఎక్కువని మేడమ్‌తో చెప్పే నిన్ను పెట్టించాను.

ఇంకోటి. మన బ్లడ్ బ్యాంక్‌లోనే సర్వర్లన్నీ చూసుకునే పెద్ద పోస్టుకి అప్లికేషన్ పెట్టాను. ఇరవయ్యో తారీఖు సోమవారం ఇంటర్వ్యూ, చూసేది మేడమే. అది వస్తే మీ అక్క సణుగుడు దగ్గరుండి వింటాను.

ప్రేమతో,
బావ

*

పదకొండో తారీఖు

ప్రియమైన బావకి,

గడియారం చూశాను. రెండు సెకన్ల తేడా, అంతే. పేరు దగ్గర దొరికాను. ఎవరో తెర అంచున అంటించిన చీటీ చూసి నేను గోదాంని అంకెలతోనే పిలుస్తున్నాను. పూర్తి పేరు కొట్టి, నా పేరు మీద కొత్త టికెట్ తీసుకున్నాను. తలుపు తెరుచుకుంది. చేత్తోనే జాబితా తీసిచ్చాను. డ్రైవర్ దాన్ని మూడుసార్లు మడిచి జేబులో పెట్టుకుని, అప్పట్నుంచి నన్ను ఇంజినీర్ గారూ అంటున్నాడు. ఎగతాళే అనుకో, అయినా బాగుంది.

కానీ మర్నాడు ఆరింటికి దానంతటది రావలసినది మాత్రం రాలేదు. నేను వెళ్తే తెరిచిన తలుపు దానికెందుకు తెరుచుకోదు? నువ్వు చెప్పినట్టే, అది టికెట్ ఎవరి పేరు మీద అడుగుతోందో చూశాను.

నీ పేరు మీద అడుగుతోంది బావా.

రోజూ పొద్దున్నే, పాస్‌వర్డ్ బదులు నువ్వు పెట్టిపోయిన తాళం ఫైలు పట్టుకుని, తను నువ్వేనని చెప్పుకుంటోంది. నువ్వు మానేశావు కాబట్టి ఒకటో తారీఖున నీ ఖాతా మూసేశారు. ఆ రోజు నుంచే జాబితా లేదు.

నీ పేరు తీసేసి నా పేరు పెడితే నిమిషంలో పనైపోతుంది, ఎవరికీ తెలియదు. కానీ మేడమ్ కారణం కాగితం మీద రాసి ఇమ్మన్నారు. పదిహేను మధ్యాహ్నానికల్లా ఇవ్వాలి. ఏం రాయమంటావు? తొందరగా చెప్పు. ఈసారి ఉత్తరం ఆఫీసుకే రాయి.

ఉంటాను,
నీ బామ్మర్ది

*

పదమూడో తారీఖు

ప్రియమైన బామ్మర్దికి,

గడియారం తేడా వచ్చిందని రాయి. సరిచేశామని రాయి. అది ఎక్కడైనా జరిగేదే, ఎవరూ మళ్ళీ అడగరు. ఆ పని నీ పేరు మీద పెట్టేసుకో.

అప్పట్లో తొందరలో అలా పెట్టాను, తర్వాత మారుద్దామనుకుని మర్చిపోయాను. ఇప్పుడది బయటపడితే సోమవారం నేను రావడం దండగ. మీ అక్క గురించి కూడా ఆలోచించు.

బావ

*

పదహారో తారీఖు

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాను. అక్క గురించి ఆలోచించమన్నావు. ఆలోచించాను. పక్క వీధి ఆస్పత్రిలో ఆపరేషన్ ఆగిపోయిన ఆవిడ గురించి కూడా ఆలోచించాను. గడియారమని రాస్తే అందరూ గడియారాలు చూసుకుంటూ కూర్చుంటారు. నా పేరు పెడితే, నేను మానేసిన నెల మళ్ళీ ఇదే గొడవ.

అందుకని ఉన్నదే రాశాను. సగం పేజీ అయింది. ఆ పనికి ఏ మనిషితోనూ సంబంధం లేని ఖాతా ఒకటి విడిగా ఇప్పించమని కింద అడిగాను. మేడమ్ ఎర్ర పెన్నుతో రెండు అక్షరాలు దిద్దారు. తర్వాత తలెత్తి చూశారు.

"ఇది మీ బావ పేరే కదా?"

"అవునండీ."

"తెలిసే రాశావా?"

"తెలిసే రాశానండీ. లేకపోతే నేను మానేసిన రోజు మళ్ళీ ఆగిపోతుంది."

"మానేసే ఆలోచనలో ఉన్నావా?"

"అది మీ చేతుల్లో ఉందండీ."

నవ్వలేదు గానీ సంతకం పెట్టారు. సాయంత్రానికి ఖాతా వచ్చింది. పేరు, దాంతోపాటు తాళం ఫైలు మార్చాను, ఇంకేం ముట్టుకోలేదు. ఇవాళ ఆరింటికి నేనూ డ్రైవరూ ప్రింటర్ ముందు నిలబడ్డాం. రెండు పేజీలు వచ్చాయి. పిల్లల ఆస్పత్రిలో మిగిలిన మూడు ప్యాకెట్లు తొమ్మిదిలోపే పక్క వీధికి చేరాయి. నా ట్రయల్ సంగతి నెలాఖరుకి చెప్తామన్నారు. నేనైతే టిఫిన్ డబ్బా అక్కడే పెట్టుకోవడానికి బీరువాలో ఒక అర ఖాళీ చేసుకున్నాను.

నీ అప్లికేషన్ మేడమ్ పక్కన పెట్టలేదు. సోమవారం రమ్మనే రాయమన్నారు. మొదటి ప్రశ్న ఇదేనట, ఆ పని నీ పేరు మీద ఎందుకు ఉంచావని. జవాబు ఆవిడకి తెలుసు. నువ్వు చెప్తావో లేదో చూడాలట.

నీ రెండో ఉత్తరం ఎవరికీ చూపించలేదు, చింపేశాను. జాబితా ఎందుకు ఆగిందో అక్కకి నువ్వే చెప్పుకో, నేను మధ్యలోకి రాను. ఆదివారం బస్సుకి వచ్చెయ్యి. దారంతా జవాబు బట్టీ పట్టకు బావా. ఉన్నదున్నట్టు చెప్తే అర నిమిషం పడుతుంది. నాకు అంతే పట్టింది.

బస్టాండ్‌లో ఉంటాను,
నీ బామ్మర్ది